ప్రసాదం వద్దన్న దోస్తు

ఈ వారం వీడియోలో శరణాగతి గురించి మాట్లాడుకున్నాం కదా. టైం సరిపోక అందులో చెప్పలేకపోయిన ఒక అనుభవం ఇక్కడ రాస్తున్నాను. ఇది మన గుడి గురించి కాదు, పక్కవాళ్ళ మందిరం గురించి. అయినా చివరిదాకా చదవండి. మన గురించి కూడా ఇందులో ఉంది.

మాది నిజాంసాగర్. మంజీర మీద 1923లో మొదలుపెట్టి 1931లో పూర్తి చేసిన ఆ డ్యామ్ కట్ట మీదే నేనూ, నా చిన్ననాటి దోస్తూ సైకిల్ నేర్చుకున్నాం. వాళ్ళది క్రైస్తవ కుటుంబం. మా ఇంట్లో బతుకమ్మకి తంగేడు పువ్వు కావాలంటే నాతోపాటు వాడూ చెల్కల వెంట తిరిగేవాడు.

పోయినేడాది హైదరాబాద్‌లో మా ఫ్లాట్ గృహప్రవేశం. ముందురోజు రాత్రే వచ్చాడు. గ్యాస్ సిలిండర్ మోశాడు, తోరణాలు కడుతుంటే కింద స్టూల్ పట్టుకున్నాడు. పొద్దున సత్యనారాయణ వ్రతం అయ్యాక అమ్మ రవ్వ ప్రసాదం చేతిలో పెట్టబోతే, రెండు చేతులూ జోడించి "అమ్మా, ఏమనుకోకు. నేను తీసుకోను" అన్నాడు. అమ్మ ఏమీ అనలేదు. వంటింట్లోకి వెళ్ళి కళ్ళు తుడుచుకుంది.

అది అవమానం అనుకున్నాను నేను. నిజానికి అది భయం. ప్రసాదం వదిలేసి వెళ్ళిన తుంగధ్వజ మహారాజు సంతానాన్నీ సంపదనీ పోగొట్టుకున్న కథ అప్పుడే విని లేచాం కదా. "పిల్లగానికి ఏమన్నయితే ఎట్లరా?" అని రాత్రంతా అదే మాట. నాకు మాత్రం కోపం. రెండు నెలలు వాడి ఫోన్ ఎత్తలేదు. చివరికి ఒక మెసేజ్ పెట్టాడు: "ఒక్క ఆదివారం మా మందిరానికి వచ్చి కూర్చో. తర్వాత తిట్టుకో."

వెళ్ళాను. మెదక్‌లో 1924లో ప్రారంభమైన పెద్ద చర్చి మీలో చాలామంది చూసే ఉంటారు. అది ఇప్పుడు చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా కింద ఉంది. వాళ్ళకి బిషప్పులుంటారు, డయాసిస్‌లుంటాయి. మా వాడు వెళ్ళేది అలాంటిది కాదు, స్వతంత్ర సంఘం. పైన బిషప్ ఉండడు. స్థానిక పెద్దలే సంఘాన్ని చూసుకుంటారు. హైదరాబాద్ గోల్కొండ చౌరస్తా దగ్గరున్న హెబ్రోను పద్ధతే వాళ్ళదీ అన్నాడు.

ఆ హెబ్రోను వెనక ఉన్న మనిషి భక్త్ సింగ్. 1903లో పంజాబ్‌లో సిక్కు కుటుంబంలో పుట్టారు. 1926లో ఇంజనీరింగ్ చదవడానికి ఇంగ్లండ్ వెళ్ళారు, అక్కడి నుంచి కెనడా. అక్కడ బైబిల్ చదివి మనసు మారి, 1932లో వాంకూవర్‌లో బాప్తిస్మం తీసుకున్నారు. 1933లో తిరిగొచ్చి ఊరూరా బోధించారు. 1941లో మద్రాసులో మొదటి సంఘం పెట్టారు. తర్వాత హైదరాబాద్ కేంద్రమైంది. 2000 సెప్టెంబర్ 17న ఇక్కడే చనిపోయారు. మనలాగే ఇంజనీరింగ్ చదివిన మనిషి చివరికి ఇలా తేలారన్నమాట!

మందిరం బయట చెప్పులు విడిచాం. లోపల బెంచీలు లేవు, చాపలు. మగవాళ్ళు ఒకవైపు, ఆడవాళ్ళు తలమీద కొంగుతో ఇంకోవైపు. విగ్రహం లేదు, గోడలమీద వాక్యాలే. ఒకరి తర్వాత ఒకరు లేచి ప్రార్థన చేస్తున్నారు. చదువుకున్నవాళ్ళే మాట్లాడాలని లేదు, కూలికి వెళ్ళే ఒక పెద్దాయన కూడా లేచి దేవుడికి థాంక్స్ చెప్పుకున్నాడు.

తర్వాత రొట్టె విరిచారు. యేసు తన శరీరాన్ని, రక్తాన్ని తమకోసం ఇచ్చాడని గుర్తుచేసుకుంటూ ప్రతి ఆదివారం చేసే పని ఇది. పళ్ళెం చేతులు మారుతూ నా పక్కదాకా వచ్చింది. నన్ను దాటి వెళ్ళిపోయింది. బాప్తిస్మం తీసుకున్న విశ్వాసులకే అది.

నిజం చెప్తున్నా, ఒక్క సెకను మనసు చివుక్కుమంది. వెంటనే అమ్మ చేతిలోని రవ్వ ప్రసాదం గుర్తొచ్చింది. వాళ్ళు నన్ను అవమానించారా? లేదు. మన గర్భగుడిలోకి మనల్నే రానివ్వరు, అది మనం అవమానం అనుకుంటామా? ఆ చోటుకి ఒక నియమం ఉంది, అంతే. అట్లాగే మా వాడికీ ఒక నియమం ఉంది. ఇంకొక దేవుడికి నివేదించినది తినకూడదని. కొరింథీయులకు పౌలు రాసిన మొదటి పత్రికలో 8, 10 అధ్యాయాల్లో ఈ చర్చే ఉంది.

కూటం అయ్యాక అందరికీ అక్కడే భోజనం. ప్రేమ విందు అంటారు. దానికి మాత్రం నన్ను చేయిపట్టి కూర్చోబెట్టారు. తింటూ వాణ్ణి అడిగాను, "అసలు మీరు నమ్మేదేంటిరా?"

వాడు చెప్పింది ఇది. దేవుడు ఒక్కడే; తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ. మనిషి పాపం కోసం యేసు చనిపోయి మూడో రోజు లేచాడు, మళ్ళీ వస్తాడు. ప్రమాణం బైబిల్ ఒక్కటే. రక్షణ పుణ్యకార్యాలతో కొనుక్కునేది కాదు, నమ్మితే దొరికే కృప. క్రైస్తవుల ఇంట్లో పుట్టినంత మాత్రాన క్రైస్తవుడు కాడు. ఎవరికి వాళ్ళు తెలిసి నిర్ణయించుకోవాలి, అందుకే పసిపిల్లలకి కాకుండా ఎదిగినవాళ్ళకే నీళ్ళలో ముంచి బాప్తిస్మం. బోధ, సహవాసం, రొట్టె విరవడం, ప్రార్థన, ఈ నాలుగూ సంఘానికి స్తంభాలు. అపొస్తలుల కార్యములు 2వ అధ్యాయం 42వ వచనం దానికి ఆధారం.

కృప అనగానే మీకు రామానుజ సంప్రదాయం గుర్తొచ్చి ఉండాలి. కోతిపిల్ల తల్లిని తానే గట్టిగా పట్టుకుంటుంది. పిల్లి మాత్రం పిల్లని తనే నోట కరుచుకుని తీసుకెళ్తుంది. శరణాగతిలో మన ప్రయత్నం ఎంత, స్వామి దయ ఎంత అని వడగలై, తెంగలై పెద్దలు తరాలుగా చర్చించారు. కానీ "అయితే అంతా ఒకటే" అని తేల్చేయకండి. వాళ్ళు పునర్జన్మ ఒప్పుకోరు. యేసు తప్ప వేరే దారి లేదంటారు. గీత 7వ అధ్యాయం 21వ శ్లోకంలో స్వామి ఏమంటాడు? ఏ భక్తుడు ఏ రూపాన్ని శ్రద్ధతో కొలిచినా, ఆ శ్రద్ధని నేనే స్థిరం చేస్తానంటాడు. ఇది మన మాట, వాళ్ళ మాట కాదు. తేడా తేడాగానే ఉండనిద్దాం. గౌరవించడానికి ఏకాభిప్రాయం అక్కర్లేదు.

మతం మార్పిడి సంగతేంటి అంటారా? ప్రచారం చేసుకునే హక్కు రాజ్యాంగం 25వ అధికరణ ఇచ్చింది. బలవంతంగా, ఆశచూపి మార్చే హక్కు అందులో లేదని 1977లో సుప్రీంకోర్టు చెప్పింది. రెండూ గుర్తుపెట్టుకుందాం. ఇరవై ఏళ్ళ దోస్తీలో వాడు నన్ను మారమని ఒత్తిడి చేయలేదు.

ఊరినుంచి వచ్చి అమ్మకి అంతా చెప్పాను. ఆమె భయానికి జవాబు కూడా ఆ కథలోనే ఉంది. తుంగధ్వజుడు ప్రసాదం ఎందుకు వద్దన్నాడు? గోపాలురు పెట్టారని, రాజునన్న గర్వంతో. కథ శిక్షించింది ఆ అహంకారాన్ని. మా వాడు చేతులు జోడించి, సిలిండర్ మోసిన భుజంతో నిలబడి వద్దన్నాడు. అందులో గర్వం ఎక్కడుంది? మరి రెండు నెలలు ఫోన్ ఎత్తనిది ఎవరు? తుంగధ్వజుడి పాత్ర ఆ రోజు ఎవరు వేశారో ఆలోచిస్తే నాకే సిగ్గేసింది.

వాడు ప్రశ్న అడగగానే ఆధారంతో జవాబు చెప్పాడు. మనం ఏం నమ్ముతామో ఎవరైనా అడిగితే, ఐదు నిమిషాలు తడబడకుండా చెప్పగలమా? పక్కవాడి మీద కోప్పడే ముందు ఈ హోంవర్క్ చేద్దాం.

మొన్న ఉగాదికి వాడు మళ్ళీ వచ్చాడు. అమ్మ పులిహోర రెండు గిన్నెల్లో కలిపింది. ఒకటి దేవుడి ముందు పెట్టింది. ఇంకోటి మూతపెట్టి పక్కన ఉంచి, "ఇది నివేదన చెయ్యలేదు బిడ్డా, తిను" అంది. వాడు రెండుసార్లు పెట్టించుకున్నాడు.

శుభం.