ఎవరి సొమ్ము? ఎవరి కోసం?

మన ఊళ్ళల్లో ఏ డాబా ఎక్కి చూసినా కనిపించే దృశ్యం ఒకటుంది. నాలుగు మూలలా నాలుగు పిల్లర్ల మొండేలు, వాటిలోంచి ఆకాశంలోకి పొడుచుకొచ్చిన ఇనప చువ్వలు. 'పైన ఇంకో అంతస్తు వేస్తాం' అని ఆ ఇంటివాళ్ళు ఎప్పుడో చెప్పుకున్న సంకల్పానికి అవి గుర్తులు. సంకల్పం సంగతి ఎలా ఉన్నా, తాడు కట్టి బట్టలారేసుకోవడానికి మాత్రం మహా వీలుగా ఉంటాయి.

మా ఇంటి మీదా ఉన్నాయి అలాంటివి. ఇరవై ఏళ్ళుగా మా బట్టలన్నీ వాటికి కట్టిన తాడు మీదే ఆరుతున్నాయి. ఆ చువ్వలకో కథ ఉంది. కాని అది చెప్పాలంటే ముందు మిమ్మల్ని కాస్త దూరం, అమెరికాలో సిన్సినాటి అనే ఊరిదాకా తీసుకెళ్ళాలి. ఎందుకంటే ఆ చువ్వల సంగతి నాకు అక్కడే అర్థమయింది.

2023 వేసవిలో మావారూ నేనూ మా అమ్మాయి దగ్గరకి వెళ్ళాం. వాళ్ళుండేది ఊరికి దూరంగా. అక్కడ కారు లేకపోతే కాళ్ళు లేనట్టే. ఓ శనివారం మా అల్లుడు మమ్మల్ని ఊళ్ళోకి తీసుకెళ్ళి, ఓహాయో నది ఒడ్డున కారాపి, "ఇక్కణ్ణించి ట్రాములో వెళదాం అత్తయ్యగారూ" అన్నాడు.

ట్రామంటే నాకు మా అమ్మే గుర్తొస్తుంది. చిన్నప్పుడు చెన్నపట్నంలో ట్రామెక్కిన ముచ్చట ఎన్నిసార్లు చెప్పేదో! ఆ ట్రాములు 1953లో ఆగిపోయాయి. అమ్మ ఎక్కింది నేనూ ఎక్కబోతున్నాను కదా అని సంబరపడిపోయాను. మావారు జేబులో చెయ్యిపెట్టి, "టిక్కెట్టెంత బాబూ?" అన్నారు.

"ఏమీ లేదండీ. 2020లో టిక్కెట్టు తీసేశారు."

"ఊరికేనా! అయితే రెండుసార్లు తిరుగుదాం" అన్నారాయన. తిరిగాం కూడాను. చుట్టు మొత్తం 3.6 మైళ్ళు. నది దగ్గర బయల్దేరి, పెద్ద పెద్ద ఆఫీసుల మధ్యనుంచి, ఓవర్ ది రైన్ అనే పాత జర్మన్ పేటలోకి వెళ్ళి, ఫిండ్లే మార్కెట్ అనే కూరగాయల బజారు మీదుగా తిరిగొస్తుంది.

"ఊరికే అనకండి మామయ్యగారూ, దీనికోసం ఈ ఊరు ఎంత కొట్లాడుకుందో!" అంటూ మొదలుపెట్టాడు మా అల్లుడు. కొట్లాట అనేసరికి నేనూ చెవులు రిక్కించాను.

ఆ ఊళ్ళో పాత ట్రాములు 1951లోనే పోయాయి. మళ్ళీ వేద్దామని ఈ శతాబ్దంలో కొందరు తలపెట్టారు. వద్దని కొందరు అడ్డం పడ్డారు. 2009లో ఒకసారి, 2011లో ఇంకోసారి వోటు పెట్టారు. రెండుసార్లూ ట్రామును ఆపాలన్న ప్రతిపాదన ఓడిపోయింది. అదే 2011లో రాష్ట్రం చేతిమీదుగా రావలసిన 5 కోట్ల 20 లక్షల డాలర్ల దాకా చేజారిపోయాయి. దాంతో కొండెక్కి యూనివర్సిటీ దాకా పోవాలనుకున్న లైను కొండ కిందే ఆగిపోయింది. మిగిలినదానికి అయిన ఖర్చు దాదాపు 14 కోట్ల 80 లక్షలు. అందులో సుమారు 4 కోట్ల 50 లక్షలు వాషింగ్టన్‌లోని కేంద్ర ప్రభుత్వం ఇచ్చింది. ఇచ్చింది గాని 'ట్రాముకే సుమా' అని షరతు పెట్టింది. రోడ్లకనో, బడులకనో మళ్ళించుకోవడానికి వీల్లేదు.

2013 నవంబరులో మేయరు ఎన్నికలు వచ్చాయి. ట్రాము వద్దన్న జాన్ క్రాన్లీ గెలిచాడు. అప్పటికి రోడ్డు తవ్వి పట్టాలు వేస్తున్నారు. బళ్ళకి ఆర్డరిచ్చేశారు. 3 కోట్లకు పైగా ఖర్చయిపోయింది. డిసెంబరు మొదటివారంలో కౌన్సిల్ పని ఆపించింది. వెంటనే వాషింగ్టన్ నుంచి కబురు: 19వ తేదీ అర్ధరాత్రిలోగా తేల్చండి, కట్టకపోతే మా డబ్బు మాకివ్వండి, అందులో ఖర్చయిపోయింది కూడా కట్టండి అని. ఆడిటర్లు వచ్చి లెక్కచూశారు. పూర్తిచెయ్యాలంటే ఇంకా దాదాపు 7 కోట్లు కావాలి. పోనీ ఆపుదామా అంటే ఆపడానికీ కోట్లే! రేపు నడపడానికి ఏటా అయ్యే ఖర్చు ఎవరు పెట్టుకుంటారన్నది ఇంకో పేచీ. ఒక ధార్మిక సంస్థ ముందుకొచ్చి, పదేళ్ళలో 90 లక్షలు ఇస్తామంది. సరిగ్గా 19వ తేదీన కౌన్సిల్ ఆరు వోట్లకు మూడు తేడాతో 'కానివ్వండి' అంది. 2016 సెప్టెంబరు 9న బండి కదిలింది.

"ఆపుతారటోయ్ ఎవరైనా!" అన్నారు మావారు. "అంత ఖర్చుపెట్టాక, పైగా వాళ్ళెవరో ఇచ్చిన సొమ్ము వెనక్కి కడతారా?"

"వాళ్ళెవరో కాదండీ. అందులో నేను కట్టిన పన్నూ ఉంది. ఈ ఊరి మొహం చూడని రైతు కట్టిందీ ఉంది" అన్నాడు అల్లుడు.

నేను మాట్లాడలేదు. మావారి నోట ఆ మాట నేను వినడం అది రెండోసారి. మొదటిసారి మా డాబా మీద విన్నాను.

అది 2004. మా బావగారు, అంటే మావారి అన్నగారు, రిటైరయిన సంవత్సరం. లక్షన్నర రూపాయలు తెచ్చి తమ్ముడి చేతిలో పెట్టి, "మేడమీద ఓ గది వెయ్యరా. ఏడాదికి రెండు నెలలు మీ దగ్గరుంటాం. గదికే సుమా!" అన్నారు. మేస్త్రీ మూడు లక్షలన్నాడు. సగం అన్నయ్య ఇస్తున్నప్పుడు సందేహమేమిటన్నారు మావారు. ఆ రెండో సగం మా అమ్మాయి ఇంజనీరింగు ఫీజు కోసం దాచిందని నేను. అయినా పని మొదలయింది. పిల్లర్లు లేచాయి. స్లాబుకి సెంట్రింగు కొట్టాల్సిన రోజు వచ్చేసరికి నేను అడ్డం తిరిగాను. "ఇంత ఖర్చుపెట్టాక ఆపుతారటే ఎవరైనా, పైగా అన్నయ్య ఇచ్చిన డబ్బు" అన్నారాయన. "అయిన ఖర్చు ఎలాగూ అయింది, కానిదైనా మిగుల్చుకుందాం" అన్నాను నేను. గెలిచాను.

లెక్క ప్రకారం నాదే ఒప్పు. ఈ మాట ఇప్పటికీ అంటాను. పోయినదాన్ని చూసుకుని ఇంకా పోగొట్టుకోవడం తెలివైన పని కాదు. చీర పాడయిందని రవికె కూడా చింపుకుంటామా?

మరి నేను చెయ్యని పని ఒకటుంది. బావగారి డబ్బులో పిల్లర్లకి పోగా తొంభై వేలు మిగిలాయి. అవి తిరిగి ఇవ్వలేదు. ఇద్దాం ఇద్దాం అనుకుంటూండగానే అమ్మాయి ఫీజుల్లో కలిసిపోయాయి. ఆయన అడగలేదు. వాషింగ్టన్ వాళ్ళు గడువు పెట్టి అడిగారు గనక సిన్సినాటి వాళ్ళకి తేల్చుకోక తప్పలేదు. అడగని అప్పుకి గడువేముంది? బావగారు 2015లో పోయారు.

ట్రాము సెంట్రల్ పార్క్‌వే అనే రోడ్డు దాటుతూంటే, "దీని కిందో సొరంగం ఉందండీ" అన్నాడు అల్లుడు. భూగర్భ రైలు కోసం 1916లో జనం వోటేసి 60 లక్షల డాలర్ల అప్పుకి ఒప్పుకున్నారట. 1920లో తవ్వడం మొదలుపెట్టారు. యుద్ధం తరవాత ధరలు పెరిగిపోయి, డబ్బు చాలక మధ్యలో వదిలేశారు. ఒక్క రైలూ నడవలేదు. ఆ అప్పు మాత్రం 1966 దాకా తీరుస్తూనే ఉన్నారు. అప్పటికి వోటేసినవాళ్ళలో ఎందరు మిగిలారో! కట్టింది పిల్లలు.

అంటే ఆపినా ఖర్చే, ఆపకపోయినా ఖర్చే. మరి ఆపాలో కూడదో తేల్చేదేమిటి? ఫిండ్లే మార్కెట్ దగ్గర ఒక పెద్దావిడ చేతికర్రతో, కూరల సంచీతో ఎక్కి నా ఎదురుగా కూచుంది. రెండు స్టాపులు పోయాక దిగిపోయింది. అంతే, విశేషమేమీ లేదు. కాని ఆవిణ్ణి చూస్తూంటే నాకో సంగతి తోచింది. సొమ్ము ఎవరిదని ఒకళ్ళు, ఎంత పోయిందని ఒకళ్ళు అరుచుకుంటూంటే, 'ఎవరి కోసం' అన్న మాట ఎవరికీ వినపడదు. ట్రాము కావాలన్నవాళ్ళు ఆ మాట అన్నారు: కారు లేని మనిషికి దారేదని. వద్దన్నవాళ్ళూ అన్నారు: దూరపు పేటల్లో బస్సు కోసం నిలబడే మనిషికి ఈ చిన్న చుట్టు దేనికి పనికొస్తుందని. రెండూ న్యాయమైన మాటలే. కాకపోతే అర్ధరాత్రి గడువు హడావిడిలో ఆ మాటలు వెనకబడ్డాయి, లెక్కలే ముందుకొచ్చాయి. బండి కదిలాక మొదటి ఏళ్ళలో అనుకున్నంతమంది ఎక్కలేదు. టిక్కెట్టు తీసేశాక పెరిగారు. 2023లో పదిలక్షల ఎక్కుళ్ళు దాటాయి. అయినా దూరపు పేటలవాళ్ళ ప్రశ్న అలాగే ఉంది. కొండమీదకి లైనూ పోలేదు.

మా డాబా మీద జరిగిన పోట్లాటలోనూ ఇంతే. మావారు ఇచ్చినవాడి పేరు చెప్పారు. నేను లెక్క చెప్పాను. గదిలో పడుకోవలసినవాళ్ళని ఇద్దరం అడగలేదు.

తిరిగొచ్చాక మా తోటికోడల్ని చూడ్డానికి వెళ్ళాను. కాఫీ తాగుతూ, ఇరవై ఏళ్ళు నోట్లో నాన్చిన మాట బయటపెట్టాను. "అక్కయ్యా, మేడమీద గది డబ్బు, తొంభై వేలు, మేం మీకు ఇవ్వనేలేదు."

ఆవిడ నవ్వింది. "ఇంకా అదే పట్టుకున్నావుటే? పిల్ల చదువుకయింది గదా. డబ్బు సంగతి మీ బావగారు ఏనాడూ అనుకోలేదు" అని, కాసేపాగి అంది: "గది లేదు గదా, వెళితే వాళ్ళకి ఇరుకవుతుందే అనేవారు. అందుకే రావడం తగ్గించేశారు."

నిజమే. ఆయన చివరి పదేళ్ళలో మా ఇంటికి వచ్చింది రెండుసార్లు. ఆ రెండుసార్లూ సాయంత్రానికే బయల్దేరిపోయారు. పనులున్నాయేమో అనుకున్నాం.

మేస్త్రీని పిలిచి చూపించాను. చువ్వలు తుప్పుపట్టాయి, కోసేసి మళ్ళీ వెయ్యాలన్నాడు. వేస్తే మాత్రం, అక్కయ్య మోకాళ్ళతో ఆ మెట్లు ఎక్కగలదా? అందుకని ఆవిణ్ణే అడిగాను, ఎక్కడైతే నీకు హాయిగా ఉంటుందని. "కిందే, వీధిగదిలో. వచ్చేపోయేవాళ్ళు కనిపిస్తారు" అంది. మావారి పుస్తకాల బీరువా హాల్లోకి మార్చి, అక్కడ మంచం వేయించాం. తొంభై వేలూ తీసుకెళితే ససేమిరా అంది గాని, ఆవిడ మనవరాలి కాలేజీ ఫీజు రసీదు ఇప్పుడు నా దగ్గరుంది.

సంక్రాంతికి వచ్చి రెండు నెలలు ఉంటానంది. రెండు నెలలన్న మాట బావగారిదే.