దరఖాస్తులో పిల్లలు

నిరుడు వేసవిలో అనకాపల్లిలో మా ఇంటి దగ్గరి అంగన్‌వాడీ కోసం ఒక దరఖాస్తు రాశాను. ఊళ్ళో నలుగురం కలిసి అనుకున్న పని చిన్నదే. కొన్ని బొమ్మల పుస్తకాలు, ఒక రికార్డరు, ఒక స్పీకరు కొనాలి. వీధిలోని ముసలమ్మల చేత కథలు చెప్పించి రికార్డు చేసి, రోజూ అరగంట పిల్లలకి వినిపించాలి. అవే కథలు ఫోన్లలో ఇళ్ళకీ పంపాలి. ఇలాంటి వాటికి డబ్బిచ్చే ఒక ఫౌండేషన్ ఫారమ్ దొరికింది. ఆఫీసులో ఇలాంటివి రాసే అలవాటున్నవాణ్ణి కనక ఆ పని నా మీద పడింది.

అందులో ‘సమస్యను వివరించండి’ అని ఒక గడి. ఇక్కడి పిల్లలు భాషలో వెనకబడి ఉన్నారనీ, ఇంట్లో వాళ్ళతో మాట్లాడేవాళ్ళు లేరనీ, తల్లిదండ్రులకి అవగాహన లేదనీ రాశాను. పంపేముందు టీచరమ్మకి చదివి వినిపిస్తుంటే, పక్కన కూచుని బియ్యం ఏరుతున్న ఆయా తలెత్తింది.

“మా పిల్లలకి మాటలు రావని రాసేసినావేటి బాబూ?”

కోపంగా అనలేదు. ఆశ్చర్యపోయిందంతే. నాకు మాత్రం నోట మాట రాలేదు. ముసలమ్మల కథలు రికార్డు చేస్తామని నాలుగో పేజీలో రాసినవాణ్ణి, పిల్లలతో మాట్లాడేవాళ్ళే లేరని రెండో పేజీలో రాశాను. అదే కోడ్‌లో అయితే రివ్యూలో ఎవరో ఒకరు పట్టుకునేవారు.

అప్పట్నుంచీ నన్ను తొలుస్తున్న ప్రశ్న ఇది. మనవాళ్ళ కోసం చెయ్యి చాచేటప్పుడు, మనవాళ్ళని ఎంత తక్కువ చేసి చూపించవచ్చు?

మా ఊరి బెల్లం మార్కెట్లో దిమ్మ రంగుని బట్టి ధర పలుకుతుంది. అందుకే హైడ్రోస్ కలిపి రంగు తేల్చడం అలవాటైంది. ఆ రంగు తిండికి మంచిది కాదని వండేవాడికీ తెలుసు, కొనేవాడికీ తెలుసు. నేను చేసిందీ అలాంటి పనే. కాకపోతే తిరగేసి చేశాను. ఇక్కడ నల్లగా చూపిస్తే ధర ఎక్కువ.

దీనికి నా స్నేహితుడొకడు గట్టి జవాబే చెప్పాడు. డబ్బిచ్చేవాడికి అవసరం ఎక్కడుందో తెలియొద్దా? డాక్టరు దగ్గరికెళ్ళి ‘నేను బానే ఉన్నాను’ అంటే మందిస్తాడా? లెక్క అడగడం అవమానమెలా అవుతుంది? నిజమే. లెక్క అడిగే హక్కు ఇచ్చేవాడికుంది, అడగకపోవడమే తప్పు. లేమి గురించి చెప్పడంలోనూ తప్పు లేదు. కానీ లేమిలో రెండు రకాలున్నాయి. ‘ఈ గదిలో పుస్తకాల్లేవు’ అనడం వేరు, ‘ఈ పిల్లల దగ్గర మాటల్లేవు’ అనడం వేరు. మొదటిది వస్తువు గురించి, రెండోది మనిషి గురించి. ఫారమ్ మొదటిది అడిగితే నేను రెండోది రాశాను. దానికే మార్కులు ఎక్కువ పడతాయని నాకెవరూ చెప్పలేదు, నేనే ఊహించుకున్నాను.

ఈ ఊహ ఈనాటిది కాదు. 1975 ఆగస్టు నుంచి ఏడాది పాటు అమెరికా వాళ్ళ ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని అరువు తెచ్చుకుని, సైట్ అనే ప్రయోగంలో ఆరు రాష్ట్రాల్లోని 2400 పల్లెలకి టీవీ చూపించారు. మన రాష్ట్రమూ అందులో ఉంది. పొద్దున బడిపిల్లలకి పాఠాలు, సాయంత్రం పెద్దలకి కార్యక్రమాలు. పల్లెకి తెలియనిది పట్నం నుంచి చెప్పాలన్నది దాని నమ్మకం. గడువు తీరగానే ఉపగ్రహం వెళ్ళిపోయింది. అరువు సొమ్ముతో వచ్చే చిక్కు అదే. గడువు మన చేతిలో ఉండదు.

ఆ ప్రయోగంలో పనిచేసిన దూరదర్శన్ నిర్మాత పి.వి. సతీష్ తర్వాత జహీరాబాద్ ప్రాంతంలో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ స్థాపకుల్లో ఒకరయ్యారు. ఆ సంస్థ పల్లెల్లో బాలవాడీలు నడిపింది. యునెస్కో సాయంతో మాచునూరులో రేడియో కూడా పెట్టింది. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పినా, స్వచ్ఛంద సంస్థలకి కమ్యూనిటీ రేడియో పెట్టుకునే వీలు 2006 దాకా రాలేదు. ఆ లోపల అక్కడి దళిత స్త్రీలు తమ మాటలు టేపుల్లో ఎక్కించి సంఘం సమావేశాల్లో వినిపించుకున్నారు. 2008 అక్టోబరు 15న సంఘం రేడియో ప్రసారం మొదలైంది. అక్కడా బయటి డబ్బే వాడారు. కానీ మైకు ముందు కూచున్నది ఆ ఊరి ఆడవాళ్ళు, మాట్లాడింది వాళ్ళ తెలుగు. వాళ్ళకి మాటలు రావని రాసిన కాగితం ఏదైనా ఉంటే, వాళ్ళ ముందు చదవడానికి ఎవరికి ధైర్యం ఉంటుంది?

అసలు ఏ విశేషణమూ అడగని డబ్బు కూడా ఉంది. మనం కట్టే ఇంటి పన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ పన్ను. 1960 నాటి గ్రంథాలయాల చట్టం పెట్టిన ఏర్పాటు. అది గ్రంథాలయానికి చేరడానికి ఏ పిల్లాడూ తన పేదరికం రుజువు చెయ్యక్కర్లేదు. 1914లో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో పుట్టిన మొదటి కమ్యూనిటీ ఫౌండేషన్ వెనక ఉన్నదీ దగ్గరి ఆలోచనే. ఊరి డబ్బు ఒకచోట చేరాలి, ఊరి అవసరం ఊరివాళ్ళే నిర్ణయించాలి. హక్కుగా వచ్చే డబ్బు చాలనప్పుడే గ్రాంటు కోసం వెళ్తాం. వెళ్ళక తప్పదు కూడా.

మా కథకొస్తే, ఆ పేరా కొట్టేసి మళ్ళీ రాశాను. పిల్లలకి కథలు చెప్పేవాళ్ళున్నారు, చెప్పడానికి తీరిక లేదు, దాచుకోవడానికి రికార్డరు లేదు అని. నెలన్నర తర్వాత మర్యాదగా జవాబొచ్చింది. ఈ ఏడాది తమ ప్రాధాన్యాలకి సరిపోలేదట. మొదటిది పంపి ఉంటే వచ్చేదేమో తెలీదు. రాకపోతే నాకు పోయిందేమీ లేదు, నా మనస్సాక్షి హాయిగానే ఉంది. పుస్తకాలు రానిది ఆ పిల్లలకి. నా నిజాయితీ ఖర్చు వాళ్ళు భరించారు. ఈ ముల్లు మాత్రం ఇంకా దిగే ఉంది.

ఒక్క సర్దుబాటు చేసుకున్నాను. ఎంత చెప్పాలి, ఎంత తగ్గించాలి అన్నది నేనొక్కణ్ణే తేల్చకూడదు. ఎవరి గురించి రాశామో వాళ్ళ ముందు పైకి చదవాలి. వాళ్ళు ఒప్పుకుంటే ఎంత నల్లగా రాసినా పర్వాలేదు, ఆ బతుకు వాళ్ళది.

ఈ ఏడాది ఇంకోచోటికి పంపుతున్నాం. మొన్న అంగన్‌వాడీ గుమ్మంలో కూచుని మొత్తం చదివాను. తల్లులు నలుగురు విన్నారు. ఆయా మధ్యలో ఒక్కసారే ఆపింది.

“పద్దెనిమిది మంది కాదు బాబూ, ఇరవై ఇద్దరు. సరిగ్గా రాయి.”

దిద్దాను.