1876 రాని ఊరు

గండికోటని కంప్యూటర్లో మళ్లీ కట్టడం ఇప్పుడు అసాధ్యమేం కాదు. డ్రోన్‌తో వేల ఫోటోలు తీసి, వాటిని కలిపి త్రీడీ మోడల్ తయారుచేసే సాఫ్ట్‌వేర్ ఉంది. పెన్నా గండి, మాధవరాయస్వామి గుడి, జామా మసీదు, ధాన్యాగారం, జైలు ఇంకా నిలబడే ఉన్నాయి కాబట్టి కొలతలకి కొదవలేదు. కూలిపోయిన ఇళ్లని ఊహించి కట్టుకోవచ్చు. పక్కనే హంపీ మీద కేంద్ర ప్రభుత్వ శాస్త్ర సాంకేతిక శాఖ ఇలాంటి డిజిటల్ ప్రాజెక్టు ఇదివరకే నడిపింది. నేను చేసే ఉద్యోగం సాఫ్ట్‌వేరే కనుక, చెయ్యగలమా లేదా అన్నది నన్ను పెద్దగా వేధించదు. కట్టాక అందులోకి మనుషులొస్తారు. వాళ్లు అక్కడ ఎవరిగా ఉండాలన్నదే నా ప్రశ్న.

మ్యూజియంలో ఈ ప్రశ్న రాదు. అక్కడ మనం చూసేవాళ్లం, అంతే. ఆన్‌లైన్ లోకాల్లో అలా కాదు, అక్కడ కాపురం ఉండాలి. సెకండ్ లైఫ్‌లో 2009 నుంచీ ఒక పాత బెర్లిన్ నగరం ఉంది. అందులో అడుగుపెట్టాలంటే ఆ కాలపు బట్టలు వేసుకోవాలి. ఇల్లు అద్దెకి తీసుకోవచ్చు, ఉద్యోగం చేసుకోవచ్చు. శ్రద్ధగా, ప్రేమగా కట్టిన ఊరు. అయితే అక్కడ ఎప్పుడూ 1929వ సంవత్సరమే. ఎన్నాళ్లు కాపురమున్నా 1933 రాదు, హిట్లర్ గద్దెనెక్కడు.

మన దగ్గర ఇలాంటి ఊరు కడితే దేన్ని రానివ్వం? గండికోటలో మీర్ జుమ్లాని రానివ్వకపోవచ్చు. 1650లో కోట అతని చేతికి పోయింది, పెమ్మసాని నాయకుల కథ అక్కడితో ముగిసింది. కాని ఓటమిని ఆటగా మార్చడం తేలిక, యుద్ధాల ఆటలన్నీ చేసేది అదే. మార్చడానికి వీల్లేనిది ఇంకొకటుంది. కర్నూలు జిల్లానే తీసుకుందాం. 1876లో వానలు పడలేదు. ధాత కరువు మొదలై రెండేళ్లు నడిచింది. మద్రాసు ప్రెసిడెన్సీలో అందరికంటే ఎక్కువ నష్టపోయిన జిల్లాల్లో కర్నూలొకటి. 1871 లెక్కలకీ 1881 లెక్కలకీ మధ్య జిల్లా జనాభా దాదాపు నాలుగో వంతు తగ్గింది. కరువు పనుల్లో మట్టి మోసే మగమనిషికి రోజుకి ఒక పౌను ధాన్యం ఖరీదు, దానిమీద ఒక అణా చాలని 1877లో రిచర్డ్ టెంపుల్ తేల్చాడు.

దీన్ని ప్రోగ్రామ్‌లో ఎలా రాస్తాం? మైన్‌క్రాఫ్ట్‌లో ఆకలంటే స్క్రీన్ కింద పది కోడికాళ్ల బొమ్మలు. తింటే నిండుతాయి, పరిగెత్తితే తగ్గుతాయి. ఆ బొమ్మలతో కర్నూలు కరువు ఆడుకోవడం అంటే అసహ్యంగా ఉంది కదా? అలాగని కరువుని తీసేసి, పచ్చటి చేలూ నిండు చెరువులూ పెట్టి దీనికి రాయలసీమ అని పేరుపెడితే అది శుద్ధ అబద్ధం. ఉంచితే అవమానం, తీస్తే అబద్ధం. నాకీ చిక్కు చాలాకాలంగా ఉంది.

పాత్రల దగ్గర ఈ చిక్కు మరీ ముదురుతుంది. గండికోట సర్వర్లో వందమంది చేరితే తొంభైమంది నాయకులూ దండనాయకులూ అవుతారు. ధాన్యాగారం నింపినవాళ్లు, గండి దిగి నీళ్లు మోసినవాళ్లు ఎన్‌పీసీలవుతారు. ఆటల భాషలో ఎన్‌పీసీ అంటే ఎవరూ ఆడని పాత్ర. రెండు మూడు మాటలు నేర్పి దారిపక్కన నిలబెట్టిన బొమ్మ. తప్పంతా ఆటలదే అనలేం, మన ఆధారాలే అలా ఉన్నాయి. కాలిన్ మెకంజీ మనుషులు రెండొందల ఏళ్ల కిందట ఊరూరా సేకరించిన కైఫియత్తులు మనకి పెద్ద ఆస్తి. కడప జిల్లావి సి.పి. బ్రౌన్ కేంద్రం పుస్తకాలుగా వేసింది కూడా. వాటిల్లో చాలాభాగం కరణాల లెక్కల్లోంచి వచ్చిందే. చెరువు తవ్వించినవాడి పేరుంటుంది, తవ్వినవాళ్ల పేర్లుండవు. అంటే ఎన్‌పీసీలు కంప్యూటర్ల కంటే చాలా పాతవాళ్లు.

ఆటని ఆటగా చూడొచ్చు కదా, నాటకాలు లేవా అని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్న. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచక వధ ఆడిన కుటుంబం నుంచే సురభి నాటక సంస్థ పుట్టింది. కీచకుడు రాత్రికొకసారి చచ్చాడు, ఎవరికీ అవమానం జరగలేదు. కాని నాటకానికి ఎదురుగా ప్రేక్షకులుంటారు. జరిగింది తప్పని గుర్తించడానికి వాళ్లున్నారు. ఆన్‌లైన్ లోకంలో ఎదురుగా కూర్చునేవాళ్లు లేరు, అందరూ వేషాల్లోనే ఉంటారు.

చచ్చిపోయినవాళ్లు ఫిర్యాదు చెయ్యరు కాబట్టి 1650, 1876 గురించి ఎంతైనా వాదించుకోవచ్చు. బతికున్నవాళ్ల ఊరైతే? శ్రీశైలం ప్రాజెక్టు కింద కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో నూటికి పైగా ఊళ్లు మునిగాయి, లక్షమంది దాకా కదిలిపోయారు. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని మాత్రం రాయి రాయిగా విప్పి అలంపురంలో మళ్లీ కట్టారు. మునిగిన ఊళ్లకి ఆ యోగం పట్టలేదు. సప్తనది సంగమేశ్వరం గుడి ఇప్పటికీ నీళ్లు తగ్గినప్పుడు బయటపడుతుంది, జనం పోయి చూసొస్తారు. వర్చువల్‌గా మళ్లీ కట్టడానికి ఇంతకంటే అర్హమైన ఊళ్లు నాకు తోచవు.

కడదాం. ఊరు, ఊరికి దూరంగా మాలవాడ, మాదిగవాడ. ఊరబావి, వాడవాళ్లు తాకకూడని ఊరబావి. కొలతల ప్రకారం కడితే ఇదంతా రావాల్సిందే. ఆ వాడలో పుట్టినాయన మనవడు హైదరాబాద్‌లోనో డల్లాస్‌లోనో హెడ్‌సెట్ పెట్టుకుని తాత ఊరు చూద్దామని లోపలికొస్తే, ఆ బావి దగ్గర అతనికి ఏం జరగాలి? నీళ్లు తోడుకోనిస్తే తాత అనుభవాన్ని చెరిపేసినట్టు. ఆపితే ఆ అనుభవాన్ని ఇంకోసారి అతనిమీద రుద్దినట్టు.

నాకు తోచిన దారి ఒకటే. బావిని ఉన్నచోటే, ఉన్నట్టే కట్టాలి. ఎవరికీ వేషం ఇవ్వకూడదు, నాయకుడి వేషం కూడా. ఎవరొచ్చినా చుట్టంగా రావాలి, ఏదీ తోడకుండా, ఎవరినీ ఆపకుండా. బావి దగ్గర నిలబడితే ఆ వాడ మనిషి గొంతు వినబడాలి, తనకి ఇష్టమైనంతే చెప్పిన మాటలతో. చెప్పడం ఇష్టంలేని ఇళ్ల తలుపులు మూసుండాలి. కరువుకీ ఇదే వర్తిస్తుంది. ఆకలి బార్లు వద్దు. ఖాళీ అయిన ఇళ్లని ఖాళీగా చూపిస్తే చాలు. ఇలాంటి ఊళ్లో ఆట మజా ఉండదు, జనం తక్కువొస్తారు, ఒప్పుకుంటాను. కాని ఆ రోజుల్లో అక్కడున్నవాళ్లకి లాగౌట్ బటన్ లేదు. అది ఉన్నవాళ్లం చుట్టాలుగా వెళ్లడమే మర్యాద.

ఇందులో కష్టమైన పని కోడింగ్ కాదు. 1981లో ఊరు ఖాళీచేసేనాటికి ఇరవై ఏళ్లున్నవాళ్లకి ఇప్పుడు అరవై దాటాయి. ఏ వీధిలో ఎవరిల్లు, ఏ చెట్టుకింద పంచాయితీ, బావి ఎంత లోతు అన్నది వాళ్లకే తెలుసు. గండికోట గోడలు డ్రోన్ కోసం ఇంకో యాభై ఏళ్లు ఆగగలవు. ముందు ఒక రికార్డర్ పట్టుకుని వీళ్ల దగ్గరికి వెళ్లాలి. ఏ ఇంజిన్ వాడాలో తర్వాత చూసుకోవచ్చు.