కర్ర సర్దార్, పాఠం సర్దార్

మందమర్రి దిక్కు ఒక బొగ్గు బాయిలో ఇద్దరు సర్దార్లు ఉండేవారు. ఏ బాయి అని అడగకండి, ఇది కట్టుకథ.

ఒకాయనను అందరూ పాఠం సర్దార్ అనేవారు. షిఫ్టు మొదలయ్యే ముందు తన జట్టును వరసగా నిలబెట్టి రోజూ అవే మాటలు చెప్పించేవాడు. "సపోర్టు లేని కప్పు కిందికి పోను. కంచె దాటను. హాలేజీ దారిల నడవను." ఒక్క గొంతు తగ్గినా మళ్లీ మొదటి నుంచి. ఎందుకు కాకా అని ఎవరన్నా అడిగితే, "రూలు. ఎందుకేంది?" అనేవాడు.

రెండో ఆయన కర్ర సర్దార్. మాట్లాడితే జీతం కోస్తారేమో అన్నట్టు ఉండేవాడు. పనిస్థలానికి పోగానే ఇనుప మొన ఉన్న కర్ర ఎత్తి కప్పును తట్టేవాడు. రెండో చేతి వేళ్లు అదే బండకు ఆనించి, క్యాప్ ల్యాంపు వెలుతురులో కళ్లు మూసుకొని వినేవాడు. గట్టి బండ ఖంగుమంటుంది. పై పొర నుంచి విడిపోయిన బండ డొల్లగా పలుకుతుంది, వేళ్ల కింద సన్నగా అదురుతుంది. ఇదేదీ ఆయన నోటితో చెప్పలేదు.

మెడికల్ అన్‌ఫిట్ అయిన తండ్రుల స్థానంలో ఇద్దరు పిలగాళ్లు ఒకే రోజు బాయికి వచ్చారు. చెరొకరు చెరొక సర్దార్ చేతిలో పడ్డారు. కర్ర సర్దార్ కొన్నాళ్లు పిలగాణ్ని పక్కన నిలబెట్టుకున్నాడు. ఒకరోజు ఉన్నట్టుండి కర్ర అతని చేతిలో పెట్టి, "ఏమంటుందిరా?" అన్నాడు. పిలగాడు తట్టి, "మంచిగనే ఉంది కాకా" అన్నాడు. ఆయన తల అడ్డంగా ఊపాడు. పిలగాడు మళ్లీ తట్టాడు. ఏడాది తిరిగేసరికి అలవాటు ఎంత ముదిరిందంటే, ఇంటికొచ్చినా క్వార్టర్ గోడలను వేళ్లతో తడుతుంటే "సున్నం రాలుతది, ఆగరా" అని తల్లి కసిరేది.

ఒక షిఫ్టులో ఇద్దరు పిలగాళ్లూ పక్కపక్క పనిస్థలాల్లో ఉన్నారు. రెండు చోట్లా ప్రాపులు పద్ధతిగానే నిలబడ్డాయి. కర్ర సర్దార్ శిష్యుడు తట్టి చూసి, డొల్ల విని, జట్టునంతా బయటికి లాగాడు. పాఠం సర్దార్ శిష్యుడు ప్రాపులు చూసుకున్నాడు. సపోర్టు లేని కప్పు కిందికి పోవద్దని కదా నేర్చింది, ఇక్కడ సపోర్టు ఉంది. లోపలికి పోయాడు. రెండు ప్రాపుల మధ్య నుంచి పలక జారి భుజం విరిగింది.

ఆ వారమంతా చాయ్ హోటళ్ల దగ్గర కర్ర సర్దార్ పేరే. ఒప్పజెప్పించిన చదువు ఒంటికి పట్టదని అందరూ తేల్చేశారు. ఇక్కడే ఆగి ఉంటే నీతి చెప్పడం నాకూ సులువయ్యేది.

కర్ర సర్దార్‌కు ఇంకో అలవాటు ఉంది. షిఫ్టు దిగాక నడకదారి చుట్టు అని, రోపు ఆగి ఉంటే, టబ్బులు లాగే హాలేజీ దారినే పైకి వచ్చేవాడు. అట్ల రమ్మని ఎవరికీ చెప్పలేదు. ముందు నడిచేవాడు, అంతే. శిష్యుడు వెనక నడిచేవాడు. ఒకరోజు శిష్యుడు ఒక్కడే అదే దారిన వస్తుంటే రోపు కదిలింది. టబ్బు కింద పాదం నలిగింది.

విచారణలో అడిగారు, ఈ దారిన పొమ్మని నీకు ఎవరు చెప్పారని. "ఎవరూ చెప్పలే సార్" అన్నాడు పిలగాడు. నిజమే చెప్పాడు. కర్ర సర్దార్ అక్కడే నిలబడి నేల చూశాడు.

భుజం అతికిన పిలగానికి కూడా ఆ అడ్డదారి తెలుసు. అలసిన ప్రతి సాయంత్రం కాలు అటే లాగేది. కాని దారి మొదట్లోకి రాగానే "హాలేజీ దారిల నడవను" అన్న మాట పాఠం సర్దార్ గొంతుతో చెవిలో పలికేది. విసుక్కుంటూనే చుట్టుదారి పట్టేవాడు.

తర్వాత వచ్చిన కొత్తవాళ్లను కర్ర సర్దార్ నడకదారినే తీసుకుపోయాడు. దూరమని వాళ్లు గొణిగితే, ఆగి, "నేను ఏండ్లకేండ్లు దొంగదారిన నడిచిన. ఏమైందో చెప్త, ఇనుండ్రి" అని మొదలుపెట్టాడు. ఆయన అంతసేపు మాట్లాడటం బాయిలో ఎవరూ ఎరగరు.

నీతి: చెప్పి నేర్పిన దాన్ని వినేవాడు కనీసం కాదనగలడు. చేసి చూపిన దానికి ఆ వీలు లేదు. మంచీ చెడూ విడదీసుకునే లోపే రెండూ ఒంటబడతాయి.

ఇంగ్లిష్‌వాళ్లు ఈ పనులకు వేరువేరు క్రియలు పెట్టుకున్నారు. ఇన్‌కల్కేట్ అనే మాటకు మూలమైన లాటిన్ పదంలో మడమ ఉంది, తొక్కి తొక్కి దిగబెట్టడం. అది పాఠం సర్దార్ పని. ఇన్‌స్టిల్‌లో ఉన్నది చుక్క, బొట్టుబొట్టుగా ఇంకించడం. అది కర్ర సర్దార్ పని. పిల్లలకు విలువలు నేర్పడం గురించి రాసేవాళ్లకు చుక్కంటే ముద్దు, మడమంటే చిరాకు. నాకు మాత్రం ఇద్దరి మీదా ఒకటే ఫిర్యాదు: ఎందుకో చెప్పలేదు. ఇంగ్లిష్‌లో ఇండాక్ట్రినేట్ అనే మూడో మాట కూడా ఒకప్పుడు ఉత్త బోధనే. ఎందుకని అడగనివ్వని బోధనగా దానికి చెడ్డపేరు వచ్చింది 20వ శతాబ్దంలో. "రూలు. ఎందుకేంది?" అన్న మాట ఆ గడప దగ్గరే ఉంది.

నిజానికి గని చట్టాలు రెండు పద్ధతులనూ కలిపే పెట్టాయి. 1966 నాటి గనుల వృత్తి శిక్షణ నియమాల ప్రకారం కొత్త కార్మికుడికి తరగతి పాఠమూ ఉండాలి, పని దగ్గర చేతి శిక్షణా ఉండాలి. 1957 నాటి బొగ్గుగనుల నిబంధనల స్థానంలో 2017లో కొత్తవి వచ్చాయి. వాటిలో చాలా వాక్యాల వెనక ఎక్కడో ఒకచోట కూలిన బండో, పొంగిన నీళ్లో, పేలిన గాలో ఉంటుంది. వాక్యం మిగిలి వెనకటి కథ పోతే, మిగిలేది ఒప్పజెప్పడమే.

బాయి దాటి ఇండ్లలోకి వస్తే ఇది ఇంకా చిక్కు. మందమర్రి, రామకృష్ణాపూర్, గోదావరిఖని కాలనీల్లో తండ్రులు కొడుకులకు పదేపదే చెప్పే మాట ఒకటుంది. "ఈ బాయి పని నాతోనే ఆఖరు బిడ్డా, నువ్వు మంచిగ చదువుకో." ఆ మాట వింటూనే కొడుకు చూసేది వేరు. ఫస్టు తారీఖు జీతం, కంపెనీ క్వార్టరు, కంపెనీ దవాఖాన, దసరాకు లాభాల వాటా మీద ఇంట్లో లెక్కలు. కంపెనీ వారసత్వ ఉద్యోగాల పథకాన్ని 2017లో హైకోర్టు కొట్టేసినప్పుడు ఈ కాలనీల్లో పడ్డ దిగులు నోటితో చెప్పిన పాఠానిది కాదు, కళ్లతో చూసిన పాఠానిది. తర్వాత కారుణ్య నియామకాలు మొదలైతే ఆశగా ఎదురుచూసిన వాళ్లలో చదువుకొమ్మని పోరిన తండ్రులూ ఉన్నారు, పట్టా చేతికొచ్చిన కొడుకులూ ఉన్నారు. జీతం చీటీ, ఊపిరితిత్తుల ఎక్స్‌రే రెండూ పిల్లల ముందు పెట్టి మాట్లాడే తండ్రులు లేకపోలేదు. వాళ్ల పిల్లల్లో కొందరు బాయిలోనే చేరారు, కొందరు చేరలేదు.