గృహమునకును వార్ధక్యము కలదు

పుట్టిన వస్తువెల్ల ఆఱు వికారములకు లోబడునని వార్ష్యాయణి చెప్పిన మాటను యాస్కుడు నిరుక్తమున ఉదాహరించియున్నాడు. జనించుట, ఉండుట, మార్పు నొందుట, పెరుగుట, క్షీణించుట, నశించుట అనునవి యాఱు. వీనిలో మూడవదానిని వివరించుచు, తన తత్త్వమునుండి జాఱకయే వస్తువు పొందు వికారమని ఆ గ్రంథము నిర్ణయించినది. సంసారమునకు నీడగా ఇల్లు కట్టదలచిన గృహస్థుడు, మేస్త్రీని పిలుచుటకు ముందే, ఈ మూడవ వికారమును గూర్చి కొంత ఆలోచింపవలెనని నా విశ్వాసము. ఏలయన క్షయమును, నాశమును ఏ గోడయు తప్పించుకొనజాలదు గాని, వానికి ముందు స్వభావము చెడక మాఱుచు నిలుచు భాగ్యము కొన్ని పదార్థములకే కలదు.

సున్నమును చూడుడు. సున్నపురాయి బట్టీలో కాలి, తనలోని బొగ్గుపులుసు వాయువును విడిచి, నీట తడిసి విరిసి, ఎద్దులు త్రిప్పు గానుగలో ఇసుకతో నలిగి, గోడ కెక్కిన పిమ్మట, విడిచిన ఆ వాయువునే గాలినుండి ఏండ్ల తరబడి మెల్లమెల్లగా గ్రహించి తిరిగి రాయి యగుచున్నది. బెల్లపునీరును, కరక్కాయ రసమును చేర్చి మన పెద్దలు కట్టిన గోడలు కాలము గడచినకొలదిని గట్టిపడుటకు మూలమిదియే. అదే వాయువు ఇనుపకడ్డీలు పొదిగిన కాంక్రీటులోనికి చొచ్చినపుడు, దాని క్షారగుణమును తగ్గించి, లోపలి యినుము తుప్పు పట్టుటకు దారి తీయుచున్నది. గాలి యొక్కటియే, ఒక గోడకది పోషకము, మఱియొక గోడకది వ్యాధి.

ఎండవానల కోర్చిన టేకు వెండివన్నెకు తిరుగును. కడపరాతి నేల తరతరముల పాదముల రాపిడికి నునుపెక్కును. మట్టిగోడ కూలినను ఆ మన్నునే తడిపి త్రొక్కి క్రొత్తగోడ పెట్టవచ్చును. పైన నంటించిన పలుచని పొరలకు మాత్రము యౌవనమును, మరణమునే గాని నడుమ వార్ధక్యము లేదు.

అయితే మట్టియింటి సేవ భారమనువారి మాట త్రోసిపుచ్చదగినది కాదు. పండుగకు ముందు గోడలు మెత్తి, నేల యలికి, ముగ్గులు తీర్చిన చేతులు చాలవఱకు స్త్రీలవే. ఆ శ్రమను పవిత్రమని కొనియాడి, దానిలో పాలు పంచుకొనకుండుట పురుషులకు ధర్మము కాదు. కావున రూపకల్పనయందే కరుణ యుండవలెను. రాతి పునాదిని నేలమట్టముకంటె ఎత్తుగా లేపి, చూరును గోడకు చాలినంత వెలుపలికి దింపినచో, తేమయు జల్లును సోకుట తగ్గి, ఏటేట చేయవలసిన మరమ్మతును తగ్గును. మిగిలిన సేవ ఇంటిల్లిపాదిది.

సమస్తము అనిత్యమైనపుడు ఈ సేవ యెందులకని వేదాంతి ప్రశ్నింపవచ్చును. దేవుడు వసించు ఆలయమే శిథిలమగునని యెఱిగిన ఆగమములు, ఆ యెఱుకతోడనే జీర్ణోద్ధారణమును విధించినవి. అనిత్యతాజ్ఞానము ఉపేక్షకు అనుమతి యీయదు. అది మన ప్రేమలోని స్వామిత్వగర్వమును మాత్రమే తొలగించును. మాఱుచున్న గోడను చీదరించుకొనక, దాని అవసరమెఱిగి సున్నము పూయ నేర్చిన కుటుంబము, అదే యింట ముదిమి పైబడిన తల్లిదండ్రులయెడ నేమి చేయవలెనో వేఱుగ నేర్వనక్కఱలేదు. ఇల్లు కట్టుకొనువాడు శాశ్వతత్వమును కోరుట వ్యర్థము. సేవించుటకు యోగ్యమైన వార్ధక్యమును కోరుటయే వివేకము.