నక్షత్రములోని దూది



క్రిస్మసు పండుగకు దారముతో అల్లి, లోపల దూది కూరి, మందిరపు గుమ్మమున వ్రేలాడదీయు చిన్న నక్షత్రము అవసరమా? ఆ సొమ్ము బీదలకు ఇయ్యరాదా అని కొందరు అడుగుదురు. ఇది తగిన ప్రశ్నయే.

ప్రత్యక్ష గుడారము కొరకు స్త్రీలు తమ చేతులతో నూలు వడికి తెచ్చిరని నిర్గమకాండము 35వ అధ్యాయములో చదువుచున్నాము. దేవుడు ఆ కానుకను త్రోసివేయలేదు. కాబట్టి అలంకారము పాపము కాదు. దాని వెనుకనున్న చేతులను మరచుట పాపము.

నరసాపురమును చూడుడి. పందొమ్మిదవ శతాబ్దమున మిషనరీలు గోదావరి సీమ స్త్రీలకు లేసు అల్లిక నేర్పిరి. ఆ లేసు సముద్రములు దాటిపోయెను. అయితే ప్రొద్దంతయు అల్లినవారికి దక్కినది కొద్దిపాటి కూలియేననియు, వారిని పనివారని గాక తీరికకు అల్లుకొను గృహిణులని యెంచిరనియు మరియా మీస్ అను జర్మను పండితురాలు 1982లో ప్రకటించిన గ్రంథమున చూపెను.

మన జమ్మికుంట పత్తి మార్కెట్టుకు పేరుపొందినది. నక్షత్రములో దూది తక్కువైనయెడల కొనలు వ్రాలిపోవును. పైకి కనబడు దారమును మెచ్చుకొందుము. ఆకారమిచ్చు దూది కనబడదు. క్రిస్మసు నెలలోనే చేలలో ఒంగి ఆ పత్తి ఏరు కూలితల్లియు కనబడదు.

సహోదరీలారా, సంతోషముతో నక్షత్రము కట్టుడి. కొనువారు బేరమాడి అల్లినదాని కూలి తగ్గింపకుడి. చేను గలవారు ద్వితీయోపదేశకాండము 24:15 ప్రకారము, ప్రొద్దు గ్రుంకకమునుపే ఏరినవారి కూలి చెల్లించుడి. అప్పుడు ఆ నక్షత్రము గుమ్మమున నిలుచుటకు తగును.