దోతానులో తెరువబడిన కన్నులు



భయపడుట పాపమా? వానలు లేని యేట అప్పిచ్చినవాడు వాకిట నిలిచినప్పుడు మనము భయపడుదుము. బిడ్డకు జ్వరము తగ్గనప్పుడు భయపడుదుము. అట్టి వేళ "నీకు విశ్వాసము లేదు" అని ఒకరినొకరు గద్దించుట సులభమే. అయితే రాజులు రెండవ గ్రంథము 6వ అధ్యాయములో ఎలీషా ఆలాగు చేయలేదు.

సిరియా రాజు పంపిన గొప్ప దండు రాత్రివేళ దోతాను పట్టణమును చుట్టుకొనెను. ఎలీషా పనివాడు పెందలకడ లేచి బయటికి రాగా గుఱ్ఱములును రథములును కనబడెను. అతడు చూచినది అబద్ధము కాదు. ప్రవక్త అతనిని గద్దింపలేదు. శత్రువులు లేరనియు చెప్పలేదు. అతని కన్నులు తెరువుమని దేవునికి ప్రార్థించెను. అప్పుడు ఆ పనివాడు కొండనిండ అగ్ని రథములను చూచెను. సిరియనులలో ఒక్కడైనను తగ్గలేదు. పనివాని చూపు మాత్రమే పెరిగెను. విశ్వాసమనగా అపాయము లేదనుట కాదు, అపాయముకంటె గొప్పవానిని కూడ చూచుట.

అయితే అగ్ని రథములు కనబడనివారి సంగతి యేమి? ఆ దోతానులోనే, ఎలీషాకు అనేక వందల సంవత్సరములకు ముందు, యోసేపును అన్నలు నీళ్లులేని గుంటలో పడద్రోసిరి. అతడు బతిమాలుకొనెను, వారు వినలేదు. ఇరువది తులముల వెండికి అమ్మివేసిరి. ఏ రథమును దిగి రాలేదు. అయినను ఐగుప్తులో, చెరసాలలో సహితము, దేవుడు అతనికి తోడైయుండెను. కాబట్టి రక్షణ కంటికి కనబడినను కనబడకపోయినను, ఆయన సన్నిధి మారదు.

ఈ ఇద్దరి కథలు ఒకే చోట ముగియుచున్నవి. కరవు కాలమున యోసేపు తన్ను అమ్మిన అన్నలకు ధాన్యమిచ్చెను. ఎలీషా గ్రుడ్డితనము కలిగిన సిరియనులను షోమ్రోనునకు నడిపించి, పనివానికొరకు చేసిన ప్రార్థననే వారికొరకును చేసెను: వీరి కన్నులు తెరువుమనెను. ఇశ్రాయేలు రాజు వారిని చంపుదునా అని అడుగగా, వద్దని చెప్పి అన్నపానములు పెట్టించెను. తరువాత ఆ దండులు దేశములోనికి వచ్చుట మానెను. కన్నులు తెరువబడినవాడెవడో దీనివలన తెలియును. తాను భయపడిన మనుష్యునికి అన్నము పెట్టగలవాడే.

మూసికొనిన కన్నుల భయము వేరు. అది మనలను క్రూరులనుగా చేయును. ఊరిలో ఒక బిడ్డ జబ్బు పడగానే చేతబడి అను మాట పుట్టును. దిక్కులేని యొక ముసలమ్మ మీద అనుమానము పడును. ఆమెను కొట్టుటయు, వెలివేయుటయు, ప్రాణము తీయుటయు మన పల్లెలలో జరిగినవే. క్రైస్తవులమైన మనము ఆ గుంపులో నిలిచిన యెడల, లేక ఇంటిలో కూర్చుండి ఊరకున్న యెడల, మన విశ్వాసమేమాయెను? ఆమె తెల్లవారి తలుపు తీయగా తన గుడిసెను చుట్టుకొనిన దండు కనబడును. ఆ దండు సిరియనులు కారు, మనమే.

కావున బిడ్డను ఆస్పత్రికి తీసికొనిపోవుదము. ఆ ముసలమ్మ గడపకు గంజి కుండతో పోవుదము. కాళ్లు వణకినను పోవుదము. భయము పూర్తిగా పోయిన తరువాత మేలు చేయుదుమనిన, ఆ దినము రాకపోవచ్చును. దేవుడు తోడున్నాడని నమ్మి అడుగు వేయువానికి నడకలోనే ధైర్యము కలుగును.

భయపడుట పాపమా అని అడిగితిమి. భయము కలుగుట పాపము కాదు. ఆ భయముచేత పొరుగువానిని దేవుని పోలికగల మనుష్యునిగా చూడకపోవుటయే పాపము. ప్రభువు మన కన్నులను తెరచి, తన్నును, మన పొరుగువారిని చూడనిచ్చునుగాక. ఆమేన్.